మర్యాద బంటు

పాదరస దుర్గం సింహద్వారం కిర్రుమంటూ తెరుచుకుంటున్న శుభ ముహూర్తాన చంద్రశిల రాజకుమారి వజ్రలేఖకు కుడివైపు మీసం ఊడింది.

"అమ్మాయిగోరూ, మీసం!" అన్నాడు వెనకనున్న తిమ్మనాయకుడు. గుసగుసగా చెప్పానని అతని ఉద్దేశం. యుద్ధంలో ఒక చెవి పోగొట్టుకున్న ముసలి బంటు గుసగుస ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"అబ్బాయిగారు అనవయ్యా, నీకు పుణ్యముంటుంది," అంటూ ఆమె తుమ్మజిగురు పూసిన ఆ వెంట్రుకల కుచ్చును పెదవిమీద గట్టిగా అదుముకుంది. ద్వారపాలకుడు ఆవలిస్తున్నాడు కనుక బతికిపోయింది.

రాజకుమారికి ఈ మీసాల తిప్పలు ఊరికే రాలేదు. మూడేళ్ళ కిందట ఆమె అన్న ఉదయకీర్తి చదరంగం ఆడడానికి ఈ కోటకే వచ్చాడు. ఇక్కడి దొర ధూమ్రజటి అనే మాంత్రికుడు ఏటా పోటీ పెడతాడు. గెలిచినవాడికి కోరింది ఇస్తానని దేశదేశాల్లో దండోరా వేయిస్తాడు. ఓడినవాడి గతి ఏమిటో మాత్రం ఆ దండోరాలో ఉండదు. తన కొడుకును మించిన ఆటగాడు భూమ్మీద లేడని నమ్మిన మహారాణి సోమప్రభాదేవి నవ్వుతూ దిష్టి తీసి పంపింది. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ఆ తరువాత ఆ తల్లి నవ్వగా ఎవరూ చూడలేదు.

ఓడినవాళ్ళ సంగతి వజ్రలేఖకు కొండగుహలో ఉండే ఒక అవ్వ చెప్పింది. "వాళ్ళ జ్ఞాపకాన్ని లాగి దీపంలా వెలిగించి పెట్టుకుంటాడే తల్లీ. మనిషి బతికే ఉంటాడు, తన పేరు తనకే తెలీదు. ఆ దీపం ఆరిందా, మనిషీ ఆరిపోతాడు. దాన్ని తెచ్చి అతను పుట్టిన ఇంటి పొయ్యిలో కలిపితే మటుకు, మనిషి ఏ మూల ఉన్నా సరే, అన్నీ గుర్తుకొస్తాయి."

అందుకే ఈ ప్రయాణం. గెలవాలి, అన్ననూ అతని దీపాన్నీ కోరుకోవాలి. కోటలోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు, చంద్రశిల వాళ్ళకు అసలే లేదు. అందుకని ఆమె వజ్రపాలుడనే వర్తకుడి కొడుకయింది. తిమ్మనాయకుడు నౌకరయ్యాడు. అన్నాచెల్లెళ్ళిద్దరినీ భుజాలమీద మోసి పెంచినవాడికి ఆ వేషం కొత్తేమీ కాదు.

సింహద్వారం దాటగానే అగడ్త. దానిలో నీళ్ళు లేవు, పాదరసం ఉంది. పాదరసంలో మొసళ్ళు ఎలా బతుకుతాయని నన్నడగకండి, బతుకుతున్నాయి. ఆ అగడ్తమీద నలుపూ తెలుపూ రాళ్ళు గళ్ళుగళ్ళుగా పరిచిన వంతెన ఒకటి ఉంది. వంతెన కాపలావాడు ఒక తోలుసంచి చాపాడు.

"చెయ్యిపెట్టి ఒక పావు తియ్యండి. ఆ పావు ఎలా నడుస్తుందో మీరూ అలాగే నడవాలి. తప్పు అడుగు వేస్తే రాయి తిరగబడుతుంది. కింద మావాళ్ళు పొద్దున్నించీ ఏమీ తినలేదు."

వజ్రలేఖకు గుర్రం వచ్చింది. తిమ్మనాయకుడికి బంటు వచ్చింది. వాళ్ళకంటే ముందు తీసిన శేషభట్టు అనే లావుపాటి పండితుడికి ఏనుగు వచ్చింది. "పోలిక కుదిరింది!" అని ఆయన తనమీద తానే నవ్వుకుని ముందుకు దూసుకుపోయాడు.

వజ్రలేఖ ఊపిరి బిగబట్టి రెండు గళ్ళు దాటి పక్కగడిమీదికి దూకింది. అక్కడినుంచి మళ్ళీ దూకింది. కాలి మడమ గడి అంచుకు తగిలినప్పుడు రాయి ఊగింది, కింద ఒక నోరు తెరుచుకుంది. ఆమె వెనక్కి చూడకుండా ఎగిరి ఆవలి ఒడ్డున పడింది. ఒక చేయి నేలమీద ఆన్చి, రెండో చేయి మీసంమీద పెట్టుకుంది.

చిక్కంతా తిమ్మనాయకుడికి వచ్చింది. సగం వంతెన మీద శేషభట్టు ఆయాసంతో ఆగిపోయాడు. ఎదుట ఎవరైనా ఉంటే బంటు కదలలేడు. వెనక్కి అసలే రాలేడు. అంతలో ఒక మొసలి పాదరసం కారుకుంటూ ఏటవాలుగా ముందున్న గడిమీదికి ఎక్కి కూర్చుంది.

"అబ్బాయిగోరూ! బంటు ఏటవాలుగా పోయేది ఎప్పుడో ఓపాలి సెప్పండి!"

"ఎదుటివాణ్ణి చంపేటప్పుడు!"

"అదీ మాట!" అని తిమ్మనాయకుడు ఒక్క కేక పెట్టి ఆ మొసలి వీపుమీద దూకి దాని నోట్లో ఈటె నిలువుగా గుచ్చాడు. ధర్మబద్ధమైన ఎత్తు కనుక రాయి కదలలేదు, మొసలే కదిలి అగడ్తలో పడింది. కాపలావాడు మొహం మాడ్చుకుని దారి ఇచ్చాడు.

విడిదిలో శేషభట్టు వాళ్ళకు తమలపాకులు పంచాడు. తన ఊరిలో భార్య వండే పనసపొట్టు కూర గురించి చెప్పాడు. గెలిస్తే ఆవిడకు ఏనుగు అంబారీ కోరతానన్నాడు. తన పేరు పిలవగానే పద్యం పాడుకుంటూ తెర దాటి వెళ్ళాడు. చాలాసేపటికి ఇద్దరు భటులు ఆయన్ను చేయిపట్టి నడిపించుకుంటూ బయటికి తెచ్చారు. పొట్టా శాలువా ఆయనవే. ఆయన తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"బాబూ, ఇవి ఎవరి చేతులు?" అని వజ్రలేఖను అడిగాడు.

ఆమె ఆయన భుజం నిమిరింది. అంతకంటే ఏం చేయగలదు? అంతలో ఆమె పేరు పిలిచారు.

ఆ సభామంటపాన్ని వర్ణించాలంటే వెయ్యి నాలుకల ఆదిశేషుడు కూడా మధ్యలో మంచినీళ్ళు అడుగుతాడు. వెండితీగెలు అల్లిన స్తంభాలు ఆకాశాన్ని ఎత్తిపట్టినట్టున్నాయి. నెమలికంఠం రంగు పట్టుతెరలు గాలి లేకుండానే ఊగుతున్నాయి. పైకప్పునిండా పొదిగిన నీలమణులు పట్టపగలే చుక్కలు పొడిపిస్తున్నాయి. గోడలనిండా చిన్న చిన్న గూళ్ళు, గూటికొక దీపం. ఆ చివర కొత్తగా వెలిగించిన దీపం ఒకటి బెదురుబెదురుగా రెపరెపలాడుతోంది. శేషభట్టు భార్య, పనసపొట్టు కూర, పద్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇంత వైభవం మధ్య కూర్చున్న ధూమ్రజటి మాత్రం చూడడానికి జలుబు చేసిన షావుకారులా ఉన్నాడు. మెడచుట్టూ ఉన్నిశాలువా, చేతిలో మిరియాల కషాయం. జడలలోంచి మాత్రం సన్నగా పొగ వస్తోంది.

సభ నడుమ దంతపు పలక పరిచి ఉంది. పలకకు ఆవల ఇత్తడి ముసుగు తొడుక్కున్న ఆటగాడు కూర్చున్నాడు. అతని మోచేతి పక్కన ఒక దీపం వెలుగుతోంది.

"కూర్చో నాయనా," అన్నాడు ధూమ్రజటి ముక్కు చీదుకుంటూ. "మునుపు నేనే ఆడేవాణ్ణి. వీడు నన్ను ఇంచుమించు ఓడించినంత పని చేశాడు. అప్పట్నుంచి నా బదులు వీణ్ణే ఆడిస్తున్నాను. ఆ పక్కది వీడి దీపమే. ఓడిన రోజున ఉఫ్ మని ఊదేస్తాను. ఓడేవాడు నాకెందుకు చెప్పు?"

తలపాగా నెరిసిన జుట్టుకంటే తెల్లగా ఉన్న ఆటపెద్ద విరూపాక్షయ్య చీటీ వేశాడు. తొలి ఎత్తు ముసుగు వీరుడికి వచ్చింది. అతను చేయి చాపి ఎడమవైపు చిట్టచివరి బంటును ఒక గడి ముందుకు జరిపాడు.

"మళ్ళీ అదే!" అని సభలో ఎవరో నవ్వారు.

"నవ్వకండి," అన్నాడు ధూమ్రజటి గర్వంగా. "ప్రతి ఆటా అలాగే మొదలుపెడతాడు. అందులో గొప్ప మర్మం ఉంది. ఇంతవరకు ఎవరికీ అంతుబట్టలేదు."

మర్మమూ లేదు, మాయా లేదు. అది శుద్ధ దండగ ఎత్తు. లోకంలో ఏ ఆటగాడూ ఆ అంచు బంటుతో ఆట మొదలుపెట్టడు. చంద్రశిల అంతఃపురంలో మాత్రం పెడతారు. సోమప్రభాదేవి తన పిల్లలకు ఆట నేర్పినప్పుడు మొట్టమొదట చెప్పిన పాఠం అదే. 'ఇంటికి మనిషి వస్తే లేచి ఒక అడుగు ఎదురు వెళ్ళమూ? పలక దగ్గరా అంతే. ముందు మర్యాద బంటు జరపాలి, ఆ తరువాత తల నరుక్కోవచ్చు.' ఆస్థాన విద్వాంసులు తలలు బాదుకున్నారు. ఒక ఎత్తు ఊరికే పోతుందని మొత్తుకున్నారు. ఆవిడ వినలేదు. ఆ ఇంట్లో ఆ తప్పు తప్పుగానే నిలిచిపోయింది.

వజ్రలేఖ కళ్ళు ముసుగుమీదికి వెళ్ళాయి, ముసుగునుంచి ఆ చేతిమీదికి వచ్చాయి. పొడుగు వేళ్ళు, బొటనవేలు కొద్దిగా వంకర. ఈ మనిషికి తన పేరు తెలియదు, తల్లి తెలియదు, ఊరు తెలియదు. జ్ఞాపకాన్నంతా దోచుకున్నవాడు చేతిలోని మర్యాదను మాత్రం తీసుకోలేకపోయాడు. ఆమెకు ఒక్కసారిగా గుండె నిండిపోయింది.

"అయ్యో, అది మన పెద్దమ్మగోరి..." అని వెనక తిమ్మనాయకుడు మొదలుపెట్టాడు. ఆమె మడమతో అతని కాలు తొక్కింది.

సంతోషించడానికి వ్యవధి లేదు. గెలిస్తే అన్న దీపం ఆరిపోతుంది. ఓడితే తన దీపం గూట్లోకి ఎక్కుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మరి నూతికీ గోతికీ నడుమ నేలంటూ లేదా?

ఉంది. చదరంగం ఆడే ప్రతి దేశంలోనూ ఉన్న పాత ధర్మం ఒకటి ఆమెకు తట్టింది. ఆట సరి అయితే ఆటగాళ్ళిద్దరికీ ఒకే విస్తరిలో వడ్డించాలి. ఆ ఎంగిలి చేయి కడుక్కునేవరకు వాళ్ళు పలక బిడ్డలు. మనిషి గానీ, మాయ గానీ వాళ్ళనూ వాళ్ళ నౌకర్లనూ తాకరాదు. తమతో పలక దగ్గరికి వచ్చిన వస్తువును వాళ్ళు తీసుకుపోవచ్చు. ఆ దీపం అన్నతోనే పలక దగ్గరికి వచ్చింది.

కనుక గెలవకూడదు, ఓడకూడదు. అదీ చిన్నప్పటినుంచి తాను ఒక్కసారైనా గెలవలేని అన్నతో.

ఆమె తన ఎడమ అంచు బంటును ఒక గడి ముందుకు జరిపింది. మర్యాదకు మర్యాద.

ముసుగు వీరుడి చేయి గాలిలో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఎత్తుకు బదులిచ్చినవాళ్ళు లేరు. అతను తలెత్తి ఆమెవైపు చూశాడు. ముసుగులోని కళ్ళలో గుర్తింపు లేదు కాని, ఎక్కడో తలుపు చప్పుడు విన్నవాడిలా ఒక క్షణం చెవి ఒగ్గినట్టున్నాడు. ధూమ్రజటి కషాయం చెంబు కింద పెట్టాడు.

ఆ తరువాత ఇద్దరూ కొంగబారు పన్నారు. అదీ ఆ ఇంటి మోహరింపే. బంట్లు ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా, సాయంత్రం గూటికి పోయే కొంగల్లా బారు తీరతాయి. వాటి నీడన గుర్రాలు నిలబడతాయి. మంత్రి తొందరపడకుండా ఇంట్లోనే ఉంటాడు. రెండు కొంగబార్లు ఎదురెదురుగా వచ్చేసరికి పలకమీద ఎక్కడా సందు లేకుండా పోయింది. సభలో నవ్వులు ఆగిపోయాయి.

చేయి ఆగిన ఆ క్షణం ఫలితమో ఏమో, ఉదయకీర్తి ఒక పొరపాటు చేశాడు. అతని ఏనుగు కాపు లేకుండా మిగిలింది. వజ్రలేఖ గుర్రం దాన్ని కొడితే ఆట ఆమెదే. జీవితంలో మొదటిసారి అన్నమీద గెలుపు! ఆమె చేయి దురదపెట్టింది. ఆ చేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంది. కాసేపయ్యాక ఎక్కడో మూల బంటును కదిపింది.

"ఇదేం ఆట!" అన్నాడు ధూమ్రజటి అనుమానంగా. "కళ్ళెదుట ఏనుగు నిలబడితే కుర్రాడికి కనబడలేదా?"

"మావాడికి ఏనుగులంటే భయమండి," అన్నాడు తిమ్మనాయకుడు.

ఉదయకీర్తికి అలాంటి భయాలేమీ లేవు. తేరుకుని విరుచుకుపడ్డాడు. ఒక శకటు పోయింది, ఇంకో శకటు పోయింది, గుర్రాలు రెండూ, ఏనుగులు రెండూ పోయాయి. ఆమె రాజు నాలుగు వైపులా చిక్కుకున్నాడు. రాజుకు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంది. ఆమె ఆ దూకు దూకేసింది. అదీ అయిపోయాక మిగిలింది ఒక్క మంత్రి. ఇంకో ఎత్తు ఆగితే ఆటకట్టు.

ఆమె మంత్రిని శత్రువుల మధ్యలోకి విసిరింది. "రాజు!" అని హెచ్చరించింది. అతని రాజు మూలకు తప్పుకున్నాడు. ఆమె మంత్రి ఇంకో వైపునుంచి వచ్చి, "రాజు!" అతని రాజు మళ్ళీ పక్కగడికి వచ్చాడు. మళ్ళీ ఎడమనుంచి, మళ్ళీ కుడినుంచి. ఇలా ఒకే అమరిక ఇంకొక్కసారి వస్తే ఆట సరి. ఆమె ప్రాణం వేళ్ళ కొసలకు వచ్చింది.

అప్పుడు చూసింది. మర్యాద బంటు ముందుకు జరిగినప్పుడు ఖాళీ అయిన గడి అతని రాజు పక్కనే ఉంది. రాజు అందులోకి అడుగుపెడితే ఆమె మంత్రికి అందడు. అమ్మ మర్యాద అన్నకు తలుపు తీసి పెట్టింది. ఉదయకీర్తి కూడా చూశాడు. అతని వేళ్ళు రాజుమీద వాలాయి.

వజ్రలేఖకు ఇంక ఏమీ తోచలేదు. తెలియకుండానే రెండు చేతులూ లేచి రెండు చెవులూ పట్టుకున్నాయి. చిన్నప్పుడు ఓడినవాళ్ళు గుంజీలు తీయాలి. రోజూ ఓడేది తనే కనుక, అన్న ఆఖరి ఎత్తు వేయకముందే చెవులు పట్టుకుని నిలబడేది.

ముసుగులోంచి ఆ కళ్ళు ఆమె చెవులమీద చాలాసేపు నిలిచాయి. ఆ తరువాత అతను రాజును నెమ్మదిగా తీసి, ఖాళీ గడిలో కాకుండా మూలలోనే పెట్టాడు.

"ఆట సరి!" అన్నాడు విరూపాక్షయ్య. ఆ మాట అనడం ఆయనకు ఆ సభలో అదే మొదలు.

ధూమ్రజటి జడలు పీక్కుంటూ లేచాడు. "సరీ లేదు, గిరీ లేదు! ఇద్దరినీ ఆర్పేస్తాను!"

"ఆర్పండి," అన్నాడు ఆటపెద్ద. "మీ మాయ నిలబడ్డది ఈ పలక ధర్మం మీద. దాన్ని తప్పితే ఈ కోట ముందు మీ నెత్తినే కూలుతుంది. విస్తరి తెప్పించమంటారా, వద్దా?"

విస్తరి వచ్చింది. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి. ముసుగుతో తినడం ఎవరివల్లా కాదు కనుక ముసుగు తీశారు. ఉదయకీర్తి చిక్కిపోయాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. వజ్రలేఖ తల వంచుకుని ముద్ద కలిపింది.

"అబ్బాయీ," అన్నాడు అతను మెల్లగా. "నీ మీసం పప్పులో పడింది."

ఆమె దాన్ని తీసి విస్తరి కింద దాచింది. అప్పటికే సభంతా చూసింది. "ఆడది!" అని ధూమ్రజటి అరిచాడు. "అది మీ గుమ్మానికి మీరు పెట్టుకున్న నియమం. పలకకు ఆడా మగా తేడా లేదు," అని విరూపాక్షయ్య నెయ్యి ఇంకాస్త వడ్డించాడు.

"నువ్వు ఎవరు?" అన్నాడు ఉదయకీర్తి.

"నీ చెల్లెల్ని."

"నాకు చెల్లెలుందా?"

"ఉంది. రోజూ నీ చేతిలో ఓడి గుంజీలు తీసేది."

"పాపం," అన్నాడు అతను, ఇంకెవరి సంగతో విన్నట్టు. ముద్ద కలుపుతూ, "నువ్వు చెవులు పట్టుకునేసరికి ఇంక గెలవబుద్ధి కాలేదు. ఎందుకో నాకు తెలియదు," అన్నాడు.

వజ్రలేఖ ఏడ్చింది. సభలో ఏడవకూడదనుకుంటూనే ఏడ్చింది. ఏడుస్తూనే, విస్తరి ఖాళీ అవుతోందని గమనించింది.

ధూమ్రజటి ముఖం ఇప్పుడు వెన్నపూసలా ఉంది. తానే స్వయంగా వెండి చెంబు పట్టుకుని వచ్చాడు. "తృప్తిగా తిన్నారా? చేతులు కడుక్కోండి నాయనా, పన్నీరు కలిపించాను." పెద్దవాడు నీళ్ళు పోస్తానంటే చేయి చాపడం మర్యాద కదా. ఉదయకీర్తి చేయి దానంతటది చెంబుకిందికి వెళ్ళింది. వజ్రలేఖ ఆ మణికట్టును ఉడుంపట్టు పట్టి ఇవతలికి లాగింది.

"మర్యాద ఇంక చాలు అన్నా! ఎడమచేత్తో దీపం తీసుకో, పద!"

వాళ్ళు నడిచారు. భటులు ఈటెలు ఎత్తారు, దించారు. వంతెనమీద రాళ్ళు కిమ్మనలేదు. మొసళ్ళు తల తిప్పుకున్నాయి. విస్తరి వేసినప్పుడే బయటికి జారుకున్న తిమ్మనాయకుడు ద్వారం బయట గుర్రాలు విప్పి ఉంచాడు. వజ్రలేఖ ముందు కూర్చుని దీపాన్ని ఒడిలో పెట్టుకుంది. ఉదయకీర్తి వెనక ఎక్కాడు. గుర్రాలు మైదానంమీద పడ్డాయి.

కోట బురుజుమీద ధూమ్రజటి జడలు విదిలించాడు. పొగ లేచింది. కొంత పొగ రాబందులై ఆకాశంలో తిరగసాగింది. చేయి కడగనివాళ్ళను అవి ముట్టలేవు. మిగతా పొగ నల్లగా, దట్టంగా మైదానం మీద పరుచుకుంది.

"అమ్మాయిగోరూ, ఆడు మనల్ని ముట్టుకోకూడదు గానీ, వాన కురిపించకూడదని ఎవరూ సెప్పనేదుగా!" అని తిమ్మనాయకుడు అరిచాడు.

మొదటి చినుకు గుర్రం మెడమీద పడింది. కనుచూపుమేరలో చెట్టు లేదు, గుట్ట లేదు. వజ్రలేఖ ఉత్తరీయం దీపంమీద కప్పింది. గాలి దాన్ని ఎగరేసుకుపోయింది. ఆమె వంగి, రెండు అరచేతులూ మంటచుట్టూ గొడుగులా పట్టింది. వాన ఆమె కుడిచేతిమీద పడసాగింది. వేళ్ళ సందుల్లో ఎండిన పప్పు మెత్తబడుతోంది.

"చెయ్యి దాచుకో!" అన్నాడు ఉదయకీర్తి.

"దాస్తే నీ దీపం ఆరుతుంది!"

"నీ చెయ్యి కడుక్కుపోతే నిన్ను ఎత్తుకుపోతాయి!"

"పోతే పోనీ! నిన్ను ఆర్పుకోవడానికి ఇంత దూరం వచ్చానా?"

అతను ఆమె కుడిచేతిని లాగి తన అంగీలోపల, చంకలో ఇరికించాడు. తాను కప్పుకున్న నల్ల దుప్పటిని రెండు చేతులా విప్పి, ఆమె తలమీదినుంచి దీపంమీదికి గుడారంలా పట్టాడు. దుప్పటి కొసలు పట్టుకున్న ఆ చేతులకు మాత్రం ఏ కప్పూ లేదు.

"అన్నా, నీ చెయ్యి!"

"నువ్వెవరో నాకు గుర్తు రావడం లేదమ్మా," అన్నాడు అతను ఆమె చెవిలో. "కాని చిన్నదానివి. ముందు నీది."

వాన అతని కుడిచేతిని శుభ్రంగా కడిగింది. ఆఖరి మెతుకు గుర్రం డొక్కమీదుగా జారి బురదలో పడగానే రాబందులన్నీ ఒకేసారి తలలు తిప్పాయి. రెక్కల చప్పుడు వినిపించింది, గుర్రం తుళ్ళిపడింది. వజ్రలేఖ తిరిగి చూసేసరికి వెనక ఎవరూ లేరు. పొగగోళ్ళకు చిక్కి అతను అప్పటికే కోటవైపు సగం దూరంలో ఉన్నాడు. దుప్పటి మాత్రం ఆమె మీదే ఉంది. దానికింద దీపం వెలుగుతోంది.

తిమ్మనాయకుడు ముసలి కళ్ళు తుడుచుకుని కత్తి దూసి గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. "పదండి అమ్మాయిగోరూ, కోటమీదికే పోదాం!"

వజ్రలేఖ దీపంవైపు చూసింది. ఊరు చేరాలంటే ముందర రెండు నదులున్నాయి. చేయి తడవకూడదు, మంట ఆరకూడదు. వెనక, ఆ కోటలో, తన పేరు తెలియని మనిషి ఒంటరిగా ఉన్నాడు.

"వెనక్కి కాదు తాతా, ఇంటికి," అంది ఆమె. "అమ్మ పొయ్యి దగ్గరికి. అన్నయ్య ఎక్కడున్నా సరే, ముందు మనమున్నామని వాడికి గుర్తుకు రావాలి."

ఆమె కుడిచేతిని అంగీలో దాచుకుని, దుప్పటిని పళ్ళతో బిగించి పట్టుకుని, ఎడమచేత్తో దీపాన్ని గుండెకు అదుముకుని, గుర్రాన్ని వానలోకి వదిలింది.